ముళ్లపొదల గట్టు మీది మైదానం

ఆ ముసలాయన నాలుగు మాటలకోసారి ఊపిరి కోసం ఆగేవాడు. ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ము. అయినా రగ్బీ మాట వస్తే మాత్రం ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగి మరీ చెప్పేవాడు. వార్డులో రాత్రి డ్యూటీ చేసే తెలుగు నర్సుకు ఆ దగ్గు కొత్త కాదు. ఇల్లందులో వాళ్ల నాయన ముప్పై ఏళ్లు సింగరేణి బాయి దిగాడు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి ముసలాయన ఆమెను నర్సుగా చూడటం మానేశాడు, సాటి గని కార్మికుడి కూతురిగానే చూశాడు. ఇంటికి వెళ్లే రోజు ఒకే మాట అడిగాడు: "ఒక శనివారం మా ఊరు రామ్మా, మా మైదానం చూద్దువు గాని."

ఆ ఊరు కెవ్‌నైథిన్. నైరుతి వేల్స్‌లో, లనెథ్లి పట్టణానికి ఉత్తరాన, గ్వెండ్రైత్ లోయలో ఉంది. వెల్ష్ భాషలో 'కెవ్న్' అంటే గట్టు, 'ఐథిన్' అంటే పసుపు పూలు పూసే ముళ్లపొద. ఆ గట్టు కింద ఆంత్రసైట్ ఉంది. గాజులా మెరిసే గట్టి బొగ్గు అది, పొగ దాదాపు రాదు. బ్రిటన్ గని కార్మికుల్లో ఊపిరితిత్తుల్లోకి దుమ్ము పట్టే జబ్బు ఎక్కువగా కనిపించింది ఈ ఆంత్రసైట్ గనుల్లోనే. ఆదివారం ప్రార్థనాలయం, వారమంతా బాయి, శనివారం రగ్బీ. మగవాళ్ల బతుకు ఈ మూడింటి మధ్యే తిరిగేది.

ఊరు చిన్నదే. కానీ ఈ ఊరి క్లబ్బులో ఆడిన ఇద్దరు ప్రపంచ రగ్బీ చరిత్రలోకెక్కారు. ఇద్దరూ గని కార్మికుల కొడుకులే, ఇద్దరూ ఔట్‌సైడ్ హాఫ్‌లే. పదో నంబరు చొక్కా వేసుకునే ఆ ఆటగాడు బంతి చేతికందిన క్షణంలోనే తేల్చుకోవాలి: పరిగెత్తాలా, తన్నాలా, పక్కవాడికి అందించాలా అని. జట్టు బుర్ర అతనే.

మొదటివాడు కార్విన్ జేమ్స్. 1929లో పుట్టాడు. ఆడుతున్న కాలంలోనే అదే స్థానంలో క్లిఫ్ మోర్గాన్ అనే మహా ఆటగాడు ఉండటంతో 1958లో వేల్స్ తరఫున రెండు మ్యాచ్‌లే దక్కాయి. నౌకాదళంలో రష్యన్ నేర్చుకున్నాడు, వెల్ష్ సాహిత్యం పాఠం చెప్పాడు, 1970లో ప్లైడ్ కమ్రీ పార్టీ తరఫున లనెథ్లి నుంచి పార్లమెంటుకు పోటీ చేశాడు. అదే ఏడాది దక్షిణాఫ్రికా జట్టు లనెథ్లికి వచ్చినప్పుడు, అక్కడి క్లబ్బు కోచ్‌గా తన ఆటగాళ్లను సిద్ధం చేసి మైదానంలోకి పంపాడు. వర్ణవివక్షకు నిరసనగా తాను మాత్రం మ్యాచ్ చూడలేదు. కోచ్‌గా ఆయన గెలుపుల గురించి అందరూ రాస్తారు. ఆ తెలుగు నర్సుకు మాత్రం ఈ ఒక్క పని ముందు అవన్నీ చిన్నవిగా కనిపించాయి.

రెండోవాడు బారీ జాన్, 1945లో పుట్టాడు. ఊరి మైదానంలో కార్విన్ గోల్‌పోస్టుల వైపు బంతి తన్నడం సాధన చేస్తుంటే, ఈ పిల్లాడు చూస్తూ నిలబడేవాడు, దూరంగా పడిన బంతులు తెచ్చి ఇచ్చేవాడు. అప్పుడు అతనికి కోచింగ్ అకాడెమీ లేదు. తడిసిన గడ్డి, బురద బూట్లు, సాయంత్రం పూట ఒక పెద్దాయన కాలు ఊపే తీరు. ఆ పిల్లాడు చదివిన బడి ఇదే.

ఇరవై ఏళ్లలోపే, 1971లో, బ్రిటన్, ఐర్లండ్‌ల ఉమ్మడి జట్టు బ్రిటిష్ లయన్స్ న్యూజీలాండ్‌కు వెళ్లారు. కోచ్ కార్విన్, ఔట్‌సైడ్ హాఫ్ బారీ. నాలుగు టెస్టుల్లో లయన్స్ రెండు గెలిచి, ఒకటి ఓడి, ఒకటి డ్రా చేసుకున్నారు. న్యూజీలాండ్ గడ్డపై లయన్స్ సిరీస్ గెలిచింది అదొక్కసారే. జట్టు టెస్టుల్లో చేసిన 48 పాయింట్లలో 30 బారీవే. అక్కడి పత్రికలు అతన్ని 'రాజు' అన్నాయి. మరుసటి ఏడాది ఉత్తర వేల్స్‌లో ఒక బ్యాంకు శాఖ ప్రారంభానికి వెళితే, ఒక అమ్మాయి రాజుకు చేసినట్టు మోకాళ్లు వంచి నమస్కరించింది. మామూలు మనుషుల నుంచి తాను దూరమైపోతున్నానని అతనికి భయం వేసింది. 27 ఏళ్లకే ఆట మానేశాడు.

కార్విన్ ఆగలేదు. 1972 అక్టోబర్ 31న ఆయన కోచింగ్‌లోని లనెథ్లి క్లబ్బు, న్యూజీలాండ్ జాతీయ జట్టునే 9-3తో ఓడించింది. ఆ రాత్రి పట్టణంలోని పబ్బుల్లో బీరు అయిపోయింది. అంతటి మనిషిని వేల్స్ తన జాతీయ జట్టుకు కోచ్‌గా ఎన్నడూ పెట్టుకోలేదు. జట్టు ఎంపికలో కోచ్ మాటే చెల్లాలని ఆయన పట్టుబట్టాడు, బోర్డు పెద్దలకు అది మింగుడు పడలేదు. 1983లో ఆమ్‌స్టర్‌డామ్‌లో చనిపోయాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఊళ్లోవాళ్ల గొంతు ఇప్పటికీ గట్టిపడుతుంది. వాళ్ల కోపం న్యాయమే.

ఈ ఇద్దరూ చదివిన గ్వెండ్రైత్ గ్రామర్ స్కూల్ నుంచే తర్వాత గారెత్ డేవీస్, జొనాథన్ డేవీస్ కూడా వచ్చారు. వాళ్లూ పదో నంబరు ఆటగాళ్లే. ఔట్‌సైడ్ హాఫ్‌లను తయారుచేసే రహస్య కార్ఖానా కొండ కింద ఎక్కడో ఉందని మాక్స్ బోయ్స్ అనే గాయకుడు పాటే కట్టాడు.

గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. లోయలో చివరి పెద్ద గని కన్‌హైడ్రె 1989లో ఆగిపోయింది. మైదానాలు మాత్రం మిగిలాయి. రెండో జట్టుకు పదిహేను మందిని పోగు చేయడమే ఇప్పుడు చాలా ఊరి క్లబ్బులకు పెద్ద పని. కుర్రాళ్లు ఉద్యోగాలకు కార్డిఫ్ వెళ్లిపోతున్నారు. ఇల్లందు బాయిలు ఒక్కొక్కటే మూసినప్పుడు వాళ్ల వాడకట్టు ఎలా ఖాళీ అయిందో ఆమెకు తెలుసు కాబట్టి ఆ మాట ఆమెకు మరొకరు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆమె వెళ్లిన శనివారం సన్నగా వాన. గట్టు మీద వరుసగా గొడుగులు, అరుపులన్నీ వెల్ష్‌లోనే. స్కోరు చేస్తే 'కైస్' అని కేక. రగ్బీకి ఇలాంటి వెల్ష్ మాటలెన్నో పుట్టించి రేడియోలో అలవాటు చేసినవాడు ఎయిక్ డేవీస్ అనే బడిపంతులు. ఆట మాతృభాషలో ఇంత ధారాళంగా వినిపించడం చూసి ఆమెకు అసూయ వేసింది. మ్యాచ్ అయ్యాక సగం అన్నం, సగం చిప్స్ మీద కూర పోసిన 'హాఫ్ అండ్ హాఫ్' ప్లేటు తెచ్చిపెట్టారు. ముసలాయన కోటు జేబులోంచి ఒక నల్లరాయి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

ఆమె వెంటనే ఇల్లందుకు వీడియో కాల్ చేసింది.

"ఆడి బొగ్గు ఎట్లుంటది బిడ్డా?"

"నల్లగ అద్దంలెక్క మెరుస్తది నాయినా. ముట్టుకుంటే చేతికి అంటదు."

ఆయన నమ్మలేదు. రాయి దగ్గరగా పెట్టమన్నాడు, వేలితో రుద్ది చూపించమన్నాడు. తర్వాత గ్రౌండు చూపించమన్నాడు. ఆమె ఫోను తిప్పింది. అందరూ వెళ్లిపోయిన మైదానంలో ఒక పిల్లాడు ఒక్కడే గోల్‌పోస్టుల వైపు బంతి తన్నుతున్నాడు. బంతి కంచె దాటి పొదల్లో పడింది.

"అరె, ఏడ వడ్డది?" అన్నాడు ఇల్లందు నుంచి నాయన.

పిల్లాడు అప్పటికే కంచె ఎక్కుతున్నాడు.