బడికి పంపుటయా, ఇంట నుంచుటయా?

ఈ వార్షిక పత్రికలో విద్యనుగూర్చియు, క్రమశిక్షణనుగూర్చియు పెద్దలు వ్రాయుచుందురు. మేము వ్రాయబూనిన విషయము వానికంటె చిన్నది. అయినను పిల్లలుగల ప్రతి యింటను ఏడాదికి నాలుగైదు మారులైనను తలయెత్తునది. తెల్లవారగనే పిల్లవాని నొసటిపై చేయి వేసి చూచినప్పుడు ఒడలు వెచ్చగా తోచినయెడల, ఆ దినమున వానిని బడికి పంపవలెనా, ఇంట నుంచవలెనా? పొయ్యిమీద అన్నము ఉడుకుచుండును. బస్సు వచ్చు వేళ సమీపించుచుండును. ఆలోచించుటకు గల వ్యవధి గడియసేపు మాత్రమే.

మేము గుంటూరు సీమలోని యొక నల్లరేగడి గ్రామమున సేద్యము చేసికొని బ్రతుకు దంపతులము. మా పిల్లలిద్దరును ఈ పాఠశాలయందే చదువుచున్నారు. మేము వైద్యులము కాము, ఉపాధ్యాయులమును కాము. అయినను ఇన్నియేండ్లు పిల్లలను పెంచిన మీదట మాకు తెలిసినదేమనగా, ఈ ప్రశ్నకు వైద్యుడు చెప్పు జవాబొకటి, బడి చెప్పునదొకటి, పొలము చెప్పునదొకటి. ఈ మూడును కలియనిచో తల్లిదండ్రులు ఏది చేసినను తప్పే యగుచుండును.

మొదట పొలము మాట చెప్పెదము. మా ప్రాంతమున చలికాలము పత్తితీతల కాలము. సంక్రాంతి దాటినపిమ్మట మిరపకోతలు ముమ్మరమగును. తెల్లవారుజామున కూలివారు ఆటోలలో కిక్కిరిసి చేలకు పోవుదురు. కర్నూలు సీమనుండి పిల్లలతో వచ్చి, చేలగట్లపై గుడారములు వేసికొని కోతలు ముగియువరకు నుండు కుటుంబములును కలవు. అట్టి దినములలో పిల్లవానికి జ్వరము వచ్చినయెడల తల్లి కూలి పోవును. లేదా వాని యక్క బడి మాని వానికి కాపుండవలెను. ఒకరి జ్వరమునకు ఇద్దరు బడి మానుట మా వీధిలో పలుమారులు చూచితిమి. హాజరుపట్టికలో ఆ రెండవ గైరుహాజరునకు కారణము వ్రాయబడదు.

గతించిన యేడు మా మిరపచేనికి కోతకు వచ్చిన యొకామె జ్వరముతోనున్న తన కుమారుని గ్రామమందలి బడికి పంపి వచ్చినది. “ఒంట్లో బాగులేని పిల్లవానిని ఏల పంపితివమ్మా?” యని మాలో ఇల్లాలు అడుగగా, “ఇంట ఎవరున్నారమ్మగారూ? బడిలోనైతే నీడ యున్నది. మధ్యాహ్నము అన్నము పెట్టుదురు. పడిపోయినచో లేవనెత్తుటకు పంతులుగారున్నారు” అని యామె బదులు చెప్పెను. ఆ మాటకు మేము మారుపలుకలేకపోతిమి. రోగియగు పిల్లవానిని బడికి పంపు తల్లి అజాగ్రత్తపరురాలని పలువురు తలంతురు. ఆమె తనకు తెలిసినంతలో మిక్కిలి క్షేమమైన చోటికే బిడ్డను పంపినది. ఆ చోట మరి నలువదిమంది బిడ్డలున్నారన్నదే చిక్కు.

ఇక వైద్యుని మాట. మా చిన్ననాట ఊరిలో వైద్యుడు లేడు. అన్నా కూగ్లర్ దొరసానిగారు 1883లో గుంటూరు చేరి, 1898లో స్త్రీలకొఱకు ఆస్పత్రి తెరచిరి. అయినను పల్లెలకు పట్టణము చాలకాలము దూరముగానే యుండెను. అట్టి కాలమున ఆచారమే వైద్యుని పని కొంత చేసెను. ఆటలమ్మగాని, తట్టుగాని పోసిన యింటి గుమ్మమునకు వేపమండలు కట్టుచుండిరి. ఆ మండలు చూచిన వారెవరును గడప దాటెడివారు కారు. పొక్కులు మాడి, పిల్లకు నీళ్ళు పోసినదాక ఆ బిడ్డయు బయటికి వచ్చెడిది కాదు. కారణము తెలియకున్నను ఆ యాచారము రోగమును ఆ యింటిలోనే కొంత యాపగలిగెను.

పిదప చట్టము వచ్చినది. మన ప్రాంతము మద్రాసు రాజధానిలో నున్నప్పుడు చేయబడిన 1939వ సంవత్సరపు ప్రజారోగ్య చట్టమునందు, అంటురోగముగల పిల్లలను బడికి పంపరాదను నిబంధన యుండెను. ఆనాడు మశూచి భయము ప్రతి గ్రామమునను కలదు. ఆ మశూచి మనదేశమున 1975తో అంతమై, లోకమంతటను లేకుండపోయినదని 1980లో ప్రకటింపబడెను. కాని అంటురోగముల కాలము తీరిపోలేదని 2020 మార్చి మాసమున బడులన్నియు మూతపడినప్పుడు మన పిల్లలే కన్నులార చూచిరి. అప్పుడు ఎవరిని పంపవలెనని తల్లిదండ్రులు తర్కింపనక్కఱ లేకపోయెను, తలుపే మూయబడెను. తలుపు తెరచియున్నప్పుడే మన వివేకము పని చేయవలసియున్నది.

వైద్యులు నేడు చెప్పు మాటలలో మేము గ్రహించినవి యివి. ముక్కు కారుచున్నను జ్వరము లేక, తిని యాడుకొను పిల్లవానిని పంపవచ్చును. ఒక చేతిరుమాలు మాత్రమియ్యవలెను. మిరప ఆరబోసిన కల్లములు చుట్టునున్న దినములలో ఘాటునకు పిల్లలందరును తుమ్ముదురు, దగ్గుదురు. గాలి మారగనే అది తగ్గును, అది అంటునది కాదు. అయితే దగ్గుతో జ్వరమున్నను, ఎగశ్వాస యున్నను అది ఘాటు కాదు. జ్వరము వచ్చిన పిల్లవానిని, మందు వేయకయే ఒక దినమంతయు జ్వరము లేకుండునంతవరకు ఇంట నుంచవలెను. ఉదయము మాత్ర వేసి పంపుట మన యిండ్లలో మిక్కుటము. ఆ మాత్ర వేడిని అణచును గాని రోగమును అణచదు. మూడవ గంటకెల్ల పిల్లవాడు బల్లపై తల వాల్చును.

వాంతులు, విరేచనములు ఆగి ఒక దినమైనను గడువవలెను. గవదబిళ్ళలు కనబడినచో వాపు మొదలైన నాటినుండి అయిదు దినములు ఇంట నుండవలెను. తట్టు ఒంటిపై కనబడుటకు నాలుగు దినములు ముందునుండియే అంటుకొనును. కనబడిన పిదప మరి నాలుగు దినములు అంటును. టీకా లేక, మునుపు అది రాక, దగ్గరనున్న పదిమందిలో తొమ్మండుగురికి అది సోకగలదు. అందుచేతనే తొమ్మిదవ నెలలోను, మరల పదునారు మొదలు ఇరువదినాలుగు నెలల నడుమను ఇచ్చు టీకాను తప్పింపరాదు. ఆటలమ్మ పోసిన బిడ్డ ప్రతి పొక్కును మాడి చెక్కు కట్టువరకు బయటికి రాగూడదు. తలలో పేలున్నవని మాత్రము ఎవరిని ఇంటికి పంపనక్కఱలేదు; అది దువ్వెనతో తీరు పని.

ఇక బడి మాట. ఈ పాఠశాలయందు వార్షికోత్సవమున ఒక్క దినమైనను మానని విద్యార్థికి బహుమతి యిచ్చుట చిరకాలముగా వచ్చుచున్న వాడుక. ఏడవ తరగతిలోనున్న మా పెద్దమ్మాయి జూను మొదలు ఒక్కనాడును మానక ఆ బహుమతికై యాసపడుచుండెను. ఫిబ్రవరిలో ఒక సాయంకాలము దాని వీపున రెండు పొక్కులు కనబడెను. మరునాడు పరీక్ష. “రెండే కదా నాన్నా! చొక్కా క్రింద ఎవరికిని కనబడవు” అని అది బ్రతిమాలెను. వారి తరగతి ఉపాధ్యాయురాలు అప్పుడు నిండుచూలాలు. ఆటలమ్మ చిన్నతనమున రానివారికి గర్భమందు వచ్చినచో తల్లికిని, కడుపులోని బిడ్డకును గూడ ప్రమాదమని వాళ్ళమ్మ చెప్పినది. పిల్ల చాలసేపు మాటాడలేదు. పిమ్మట ఇస్త్రీచేసి పెట్టుకొన్న చొక్కాను తానే తీసి మరల కొయ్యకు తగిలించెను.

పొక్కులు కనబడుటకు ఒకటి రెండు దినముల ముందే అది అంటునది గనుక, ఆ రాత్రియే ప్రధానోపాధ్యాయులవారికి ఫోనులో తెలిపితిమి. ఉపాధ్యాయురాలు వైద్యుని సలహా తీసికొనిరి; ఆమెకు చిన్ననాడే వచ్చిపోయినది గావున భయము లేకపోయెను. రెండు మూడు వారములకు అదే బల్లపై కూర్చుండు ఇద్దరు పిల్లలకు పోసినది. ముందే తెలిసియున్నందున వారి తల్లులు మొదటి పొక్కుననే గుర్తించి ఇంట నుంచిరి. తరగతిలో అది అంతటితో ఆగెను. మా పిల్లకు బహుమతి రాలేదు. వచ్చినవాడు యోగ్యుడే, వానియందు మాకు అసూయ లేదు.

మా మనవి యొకటి మాత్రము కలదు. ఎన్నడును మానని వానికి బహుమతి యిచ్చునప్పుడు, జ్వరము రాకపోవుటను మనము మెచ్చుకొనుచున్నాము. లేదా జ్వరముతో వచ్చుటను మెచ్చుకొనుచున్నాము. మొదటిది పిల్లవాని ప్రజ్ఞ కాదు. రెండవది ఇతరులకు హాని. కావున కారణము ముందుగా తెలిపి మానిన రోగదినములను లెక్కింపక, కారణము లేక మానని వానికే ఆ బహుమతి యిచ్చినచో క్రమశిక్షణకు లోటు రాదు. మాని తిరిగివచ్చినవానిని తరగతి ముందు నిలువబెట్టి మందలింపక, పోయిన పాఠమును ఒక తోటి విద్యార్థిచేత వ్రాయించి యిచ్చిన చాలును.

తల్లులలో మరియొక భయమును కలదు. 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి పథకము క్రింద ఏడాదికి 15,000 రూపాయలు తల్లి ఖాతాకు వచ్చుటకు నూటికి 75 దినముల హాజరు కావలెనని నియమ ముండెను. ఒక్క దినము మానినను ఆ సొమ్ము పోవునని పలువురు భయపడిరి. ఆరు మొదలు ఎనిమిదవ తరగతివరకు ఏడాదికి 220 పనిదినములు ఉండవలెనని విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. అందులో నాలుగవ వంతు 55 దినములు. ఏ పిల్లవానికిని సామాన్యముగా అన్ని దినములు జ్వరముండదు. ఆ పథకము స్థానమున 2025లో తల్లికి వందనము వచ్చినది. పేరు మారినను ఆ భయము మా వీధిలో ఇంకను మారలేదు. ఈ చిన్న లెక్క ఉపాధ్యాయులు తల్లులకు విప్పి చెప్పినచో, ఎందరో పిల్లలు మాత్ర మ్రింగి బడికి వచ్చుట మానుదురు.

అయినను లెక్క చెప్పినంతమాత్రమున కూలితల్లికి కూలి దొరకదు. అందుచేత మా వీధిలో నాలుగిండ్లవారము ఒక యేర్పాటు చేసికొంటిమి. కోతల దినములలో ఇంట నుండు అవ్వలలో ఒకరు, జ్వరముగల పిల్లవానిని వాని యింటి వసారాలోనే కనిపెట్టియుండి, వేళకు గంజియు నీళ్ళును ఇచ్చుచు, మధ్యాహ్నము నొసలు చూచుచుందురు. ఊపిరి వేగమైనను, నీరు త్రాగకున్నను, మగతగా పడియున్నను, మూడు దినములు దాటి జ్వరమున్నను తల్లిని పిలిపించి ఆస్పత్రికి పంపుదురు. ఇది గొప్ప సంఘసేవ కాదు. ముసలివారికి కాలక్షేపము, తల్లికి కూలి, అక్కకు బడి. ఆ మిరపకోతలామె కుమారునకు మరల జ్వరము వచ్చినప్పుడు వాడు ఇంటనే యుండెను. వాని యక్క బడికి పోయెను.

బాలబాలికలారా! ఒంట్లో బాగులేనినాడు దాచక చెప్పుడు. మీ ప్రక్కన కూర్చున్న వానికి మీరు చేయగల మేలు అదియే. తల్లులారా, తండ్రులారా! “నా బిడ్డ ఈ దినము ఓర్చుకొనగలడా?” యని యడిగినపిమ్మట, “నా బిడ్డ రోగమును ఇతరుల బిడ్డలు ఓర్చుకొనగలరా?” యని మరియొక మారు అడుగుడు. ఇంట నుంచవలెనని తోచినచో, తమ బిడ్డను ఇంట నుంచలేని పొరుగింటామె యున్నదేమో యని ఆ పూటయే ఒకసారి తొంగిచూడుడు.