పక్కగదిలో పియానో

పాట లేదు, మాట లేదు. డ్రమ్స్ లేవు, తోడు వాద్యమూ లేదు. ఉన్నదల్లా ఒక్క పియానో! 2008 వసంతకాలంలో స్వీడన్ జాజ్ కళాకారుడు ఎస్బ్యోర్న్ స్వెన్సన్ ఇంటి నేలమాళిగలో ఒంటరిగా కూర్చుని వాయించాడు, రికార్డు చేసి దాచుకున్నాడు. కొన్ని వారాలకే, జూన్ 14న, స్టాక్‌హోమ్ సమీపంలో స్కూబా డైవింగ్ చేస్తూ ప్రమాదంలో కన్నుమూశాడు. అప్పటికి అతని వయసు 44 ఏళ్లే.

దాదాపు పదేళ్ల తర్వాత భార్య ఇవా ఆ హార్డ్‌డిస్కులు తెరిపించింది. తొమ్మిది పియానో రూపాలు బయటపడ్డాయి! 2022లో 'హోమ్.ఎస్.' పేరుతో ఆల్బమ్‌గా వచ్చాయి. ఒక్కోదానికీ ఒక్కో గ్రీకు అక్షరమే పేరు.

స్వెన్సన్ తల్లి శాస్త్రీయ పియానో వాయించేది. తండ్రికి జాజ్ అంటే ప్రాణం. ఆ రెండూ కొడుకు వేళ్లలో కలిసిపోయాయి. వింటుంటే ఒకచోట బాఖ్, మరోచోట షొస్తకోవిచ్ గుర్తొస్తారు.

జాజ్ తెలియనివాళ్లు వినగలరా? నిక్షేపంగా! కచేరీల్లో రాగాలాపన విన్న చెవులకు మనోధర్మం కొత్తేమీ కాదు. ఎడమచేయి ఏం పట్టుకుంది, దానిమీద కుడిచేయి ఏం అల్లుతోంది... ఈ రెండూ గమనిస్తే చాలు, దారి దొరుకుతుంది.

ఇందులో చప్పట్లు లేవు. ఎదుట శ్రోతలూ లేరు. ఇంట్లో మనిషి పక్కగదిలో తనకోసం కూనిరాగం తీస్తుంటే గుమ్మం దగ్గరే ఆగిపోతామే... ఈ ఆల్బమ్ వినడమూ అంతే. తలుపు చప్పుడు కాకుండా వినాలి!