ఎర్ర చుక్కా, పచ్చ చుక్కా?

పచ్చ చుక్క అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది బిస్కట్ పాకెట్ మీది శాకాహారం గుర్తు. నేను చెప్పబోయేది దాని గురించి కాదు. తుపాకీ మీద బిగించే చిన్న అద్దంలో, గురి చూసే చోట వెలిగే చుక్క గురించి. అమెరికాలో దీన్ని ఏ రంగుదైనా చాలామంది 'రెడ్ డాట్' అనే అంటారు, మనం ఏ మెషీన్లో తీసినా జిరాక్స్ అన్నట్టు. కొట్లోకెళ్ళి 'ఆకుపచ్చ రెడ్ డాట్ ఉందా' అని అడిగినా ఎవరూ నవ్వరు.

తుపాకుల మీద నాకూ ఒకట్రెండు అభిప్రాయాలున్నాయి గానీ ఇవాళ వాటి జోలికి పోను. శనివారం పూట .22 రైఫిల్‌తో 50 గజాల దూరంలో కాగితానికి చిల్లులు పెట్టడం వరకే నా సరదా. అన్నట్టు, హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. టీమంతా రేంజికి వెళుతోంది కదా అని అద్దె తుపాకీ పట్టుకున్నా అది ఈ లెక్కలోకే వస్తుంది. 2019లో అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్ళిన రెహైఫ్ కేసు మొదలైంది సరిగ్గా ఇలాగే, స్టూడెంట్ వీసా చెల్లిపోయాక ఒకాయన రేంజిలో కాల్చడంతో. 2022 తర్వాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. సరదాకి పెట్టే ఖర్చు కాదది. గ్రీన్ కార్డు వచ్చాక గ్రీన్ డాట్ సంగతి చూసుకోవచ్చు.

సరే, విషయానికొద్దాం. ఇందులో లేజరేమీ ఉండదు, బయటికి ఏ కిరణమూ పోదు. ఒక చిన్న ఎల్ఈడీ, దాని ముందు వంపు తిరిగిన అద్దం, అంతే. ఆ అద్దం మీది పూత ఎల్ఈడీ రంగుని మాత్రం మన కంటివైపు తిప్పి, మిగతా రంగుల్ని అవతల్నించి ఇవతలికి రానిస్తుంది. కిరణాలు సమాంతరంగా వస్తాయి కాబట్టి చుక్క ఎక్కడో దూరాన, లక్ష్యం మీదే ఉన్నట్టు కనబడుతుంది. 1900లో ఐర్లండ్‌కి చెందిన హోవర్డ్ గ్రబ్ ఆలోచన ఇది. (మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన ఎయిర్ రైఫిల్ పోటీలో వీటికి చోటు లేదు. అక్కడంతా సొంత కన్నే.)

మరి ఎరుపే ఎందుకు? కంటికి నచ్చి కాదు. పట్టపగలు మన కన్ను ఎక్కువగా స్పందించేది 555 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చకి. ఒకే శక్తి ఉన్న కాంతి 530 దగ్గర వెలిగితే, 650 దగ్గర వెలిగిన దానికన్నా సుమారు 8 రెట్లు ప్రకాశంగా కనబడుతుంది. అయినా ఎరుపే నిలబడిందంటే కారణం చరిత్ర. 1962లో నిక్ హోలోన్యాక్ చేసింది ఎర్ర ఎల్ఈడీ. 1975లో స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ మొదటి ఎలక్ట్రానిక్ సైట్ అమ్మింది. బాగా వెలిగే ఆకుపచ్చ ఎల్ఈడీ 1990ల మధ్యలో గానీ రాలేదు. మన భాషలో చెప్పాలంటే లెగసీ సిస్టమ్ అన్నమాట. ఆకుపచ్చ దానికి దాదాపు 3 వోల్టులు కావాలి, సీఆర్2032 బిళ్ళ ఇచ్చేదే 3. ఎరుపుకి 2 చాలు. ఇప్పుడు ఎల్ఈడీలు మెరుగై ఈ తేడా బాగా తగ్గింది. కానీ ఇంకోటి ఉంది. ఆకుపచ్చ సైట్ పూత దృశ్యంలోంచి సరిగ్గా కంటికి ఎక్కువ అక్కరున్న రంగునే కాస్త కోసేస్తుంది. ఎర్రదైతే అంచు రంగే కదా, పెద్దగా నష్టం తెలియదు. ఇక చీకట్లో ఎరుపు, చీకటికి అలవాటుపడిన కంటిని తక్కువ చెడగొడుతుంది. అందుకని మామూలు కళ్ళున్న ఎవరడిగినా నేను ఎర్రదే కొనుక్కోమంటాను.

నాది మామూలు కన్ను కాదు. నాకు ఎరుపు కాస్త మసక. ఇది తల్లి వైపు నుంచి వచ్చే ఎక్స్ క్రోమోజోమ్ వ్యవహారం, అచ్చంగా మేనమామ పోలిక. మా మామయ్య రైలు డ్రైవరు ఉద్యోగానికి వెళ్ళి రంగుల పరీక్షలో ఆగిపోయాడు. ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్ళలో సుమారు 8 శాతానికి ఎరుపు-ఆకుపచ్చ తేడాల్లో ఏదో ఒక లోపం ఉంటుంది, మనవాళ్ళలో ఇంకొంచెం తక్కువ. ఎండలో ఎర్ర చుక్కని వెతుక్కుంటూ నేను వెలుగు పైకి పెంచుతూ పోతాను. పెంచినకొద్దీ చుక్క ఉబ్బి లక్ష్యాన్నే కప్పేస్తుంది. ఆకుపచ్చదైతే మధ్య మెట్టులోనే స్పష్టం. గడ్డి మీద కలిసిపోతుంది నిజమే, నేను కాల్చేది తెల్ల కాగితాన్ని కాబట్టి బాధ లేదు. నేను కొన్నది ఆకుపచ్చదే.

కళ్ళద్దాల వాళ్ళకి ఇంకో మాట. కళ్ళ డాక్టరు ఎరుపు, ఆకుపచ్చ పలకలు చూపించి 'దేని మీద అక్షరాలు నల్లగా ఉన్నాయి' అంటాడు చూడండి. కంట్లో ఈ రెండు రంగులూ ఒకేచోట ఫోకస్ కావు, దాన్ని పట్టుకునే పరీక్ష అది. దూరం చూపు తక్కువుండి, అద్దాల పవరు కూడా కొంచెం చాలకపోతే ఎర్ర చుక్కే సన్నగా కనబడుతుంది. ఆస్టిగ్మాటిజం ఉంటే ఏ రంగైనా తోకచుక్కే. అనుమానమొస్తే చుక్కని ఫోన్ కెమెరాతో చూడండి. ఫోన్లో గుండ్రంగా ఉంటే సరుకు మంచిదే, తేడా కంట్లో ఉంది.

ఫ్రెండ్స్ నవంబర్లో జింకల వేటకి రమ్మంటారు. అక్కడ మనుషులు ఒకరికొకరు కనబడాలని ముదురు నారింజ చొక్కాలు వేసుకుంటారు. జింకకి ఎరుపుని పట్టే కణాలు లేవు కాబట్టి దానికా చొక్కా మెరవదు. సాయంత్రం వెలుగు తగ్గాక ఎండుటాకుల మధ్య ఆ చొక్కా నాకూ అంతంత మాత్రమే. అద్దంలో చుక్క రంగు నా కంటికి తగ్గట్టు మార్చుకోగలను, చెట్ల వెనకాల ఉన్న మనిషి చొక్కా రంగు మార్చలేను. బిస్కట్ పాకెట్ల విషయంలో మన వాళ్ళు ఈ చిక్కు తీర్చారు, మాంసాహారానికి గోధుమ రంగు చుక్క తీసేసి త్రికోణం పెట్టారు, రంగు తెలియకపోయినా ఆకారం తెలుస్తుంది. అడవిలో అలాంటి ఏర్పాటు లేదు. కాబట్టి వాళ్ళు వేటకి వెళ్ళిన శనివారం కూడా నేను రేంజికే వెళతాను.