మంచుకొండ మీద ముసలి బండి

మన భాషలో మంచు అనే మాట మహా ఉదారమైనది. తెల్లవారుజామున గడ్డిపరక మీద నిలిచేదీ మంచే, పుష్యమాసంలో దారి కనపడకుండా మూసేసేదీ మంచే, హిమాలయాల మీద గడ్డకట్టేదీ మంచే. మొదటి రెండు మంచులనూ నేను చాలా ఏళ్ళుగా ఫోటోలు తీస్తూనే ఉన్నాను. లంబసింగిలో చీకటితో లేచి, కెమెరా పట్టుకుని వణికిన రోజులున్నాయి. మూడో మంచు మాత్రం బాకీ ఉండిపోయింది.

నాకున్న రెండో పిచ్చి పాత మోటారు బండ్లు. పెళ్ళి ఊరేగింపులో పాత ఫియట్ కనిపిస్తే వధూవరులను వదిలేసి బండిని ఫోటో తీశానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది. ఈ రెండు పిచ్చులూ ఒక్కచోట తీరే మార్గం ఉన్నదని తెలిసినప్పుడు ఆవిడే అన్నది: "పదండి, వెళ్ళి వద్దాం. ఒక్క ఖర్చుతో రెండు రోగాలూ కుదురుతాయి."

ఆ చోటు సందక్‌ఫూ. పశ్చిమ బెంగాల్‌లో అన్నిటికన్న ఎత్తయిన శిఖరం. 3,636 మీటర్లు, అంటే సుమారు 11,900 అడుగులు. విజయవాడలో రైలెక్కి న్యూ జల్పాయ్‌గురిలో దిగి, కొండదారిన మానేభంజాంగ్ చేరుకున్నాము. నేపాలు సరిహద్దు మీద ఉన్న చిన్న ఊరది. ఇటు నిలబడితే మన దేశం, అటు నాలుగడుగులు వేస్తే నేపాలు. మా ఆవిడ నేపాలులో ఉన్ని చేతితొడుగులు కొని, భారతదేశంలో తొడుక్కున్నది.

అక్కడే చూశాను, నేను చూడవచ్చిన ల్యాండ్ రోవర్లను. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డాం మోటారు ప్రదర్శనలో మొదటిసారి లోకానికి కనిపించిన బండి ఇది. యుద్ధం ముగిసిన ఆ రోజులలో ఇంగ్లండులో ఉక్కుకు కటకట. అందుచేత పైరేకులను అల్యూమినియం మిశ్రమంతో చేశారు. మొదటి బండ్లకు వేసిన ఆకుపచ్చ రంగు కూడా యుద్ధ విమానాల కోసం చేసి మిగిలిపోయిన రంగే. కరువులో పుట్టిన బిడ్డ గట్టిదంటారు. ఆ రేకుకు ఇనుముకు పట్టినట్టు తుప్పు పట్టదు. తేయాకు తోటల దొరలు డార్జిలింగు కొండలకు తెప్పించుకున్న బండ్లు, దొరలు వెళ్ళిపోయాక కొండవాళ్ళ చేతికి వచ్చి, మనుషులనూ బియ్యం బస్తాలనూ పైకి మోస్తూ వచ్చాయి.

మాకు దొరికిన బండి 1957 నాటిదని డ్రైవరు చెప్పాడు. ఆయనకు అరవై దాటాయి. నేపాలీలో దాజు అంటే అన్నగారు. మేమూ దాజూ అనే పిలిచాము. బండిలో పాత ఇంజను ఎప్పుడో పోయింది. దాని స్థానంలో మన దేశపు డీజిలు ఇంజను కూర్చున్నది. "గుండె మార్చాం గాని మనిషి వాడే," అన్నాడు దాజు.

సందక్‌ఫూకు 31 కిలోమీటర్లు. నాలుగు గంటలు పట్టింది. కొంత మేర సిమెంటు రోడ్డు వేశారు గాని, మిగిలిన చోట్ల రోడ్డనే మాటకు అర్థం రాళ్ళు. మలుపు ఎంత ఇరుకంటే, ఒక్కసారిగా తిరగదు. ముందుకు పోయి, లోయ వైపు వెనక్కు వచ్చి, మళ్ళీ ముందుకు. వెనక్కు వచ్చినప్పుడల్లా మా ఆవిడ కళ్ళు మూసుకుని వెంకటేశ్వరస్వామిని తలచుకున్నది. మేఘ్మా అనే ఊరు పేరుకు తగినట్టు మేఘంలోనే ఉన్నది. కాలీపోఖ్రీ దగ్గర నల్లని చిన్న కొలను. ఎంత చలిలోనూ ఆ నీరు గడ్డకట్టదని అక్కడివారి నమ్మకం. చివరి ఎక్కుడులో రెండు రోజుల కిందట కురిసిన మంచు చక్రాల కింద జారుతూంటే, దాజు ఎర్ర గుండు ఉన్న లివరు వెనక్కు లాగాడు. బండి ముక్కుతూ, మూలుగుతూ, నడిచే మనిషి వేగంతో పైకి పాకింది.

ఆ సాయంకాలం బసలో కుంపటి దగ్గర కూర్చున్నప్పుడు ఆయన అన్నాడు: "వచ్చే నెల బండి ఇచ్చేస్తున్నాను సాబ్. సామాను దొరకడం లేదు. మా అబ్బాయి కొత్తది కొంటానంటున్నాడు. వచ్చినవాళ్ళందరూ దీన్ని ఫోటో తీస్తారు. పంపిస్తామంటారు. ఒక్కటీ రాలేదు. అందులో నేను ఉన్నది అసలే లేదు."

"రేపు పొద్దున తీస్తాను దాజూ, పంపిస్తాను కూడా," అని మాట ఇచ్చాను.

చలిలో బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది. నా దగ్గర రెండున్నవి. ఒకటి రాత్రి నక్షత్రాలకు అర్పించాను. రెండోదాన్ని మా ఆవిడ శాలువాలో చుట్టి పొత్తిళ్ళ బిడ్డలా పడుకోబెట్టుకున్నది. చేతి ఫోన్లు రాత్రే కన్ను మూశాయి.

తెల్లవారుతూండగా బయటకు వచ్చాము. ప్రపంచంలోని అయిదు మహాశిఖరాలలో నాలుగు అక్కడినుంచి కనిపిస్తాయి: ఎవరెస్టు, కాంచనజంగ, లోత్సే, మకాలు. కాంచనజంగ వరస అంతా కలిసి వెల్లకిల పడుకున్న బుద్ధుడిలా ఉంటుంది. తల దగ్గరి శిఖరం పేరు కుంభకర్ణం! నిద్ర విషయంలో ఇంతకన్న తగిన పేరు ఎవరు పెట్టగలరు? ముందు ఆ కొస గులాబీ రంగైంది, తరువాత పసుపు పూసినట్టయింది. నేను నిగ్రహం కోల్పోయి తీస్తూనే ఉన్నాను. మంచును కెమెరా నమ్మదు. అంత తెలుపు ఉండదనుకుని బూడిద రంగు చేస్తుంది. అందుకని దాని లెక్క మీద ఒకటిన్నర స్టాపు వెలుగు ఎక్కువ ఇస్తూ ఒక్కొక్క శిఖరాన్నీ పట్టుకున్నాను.

వెనక తలుపు చప్పుడైంది. దాజు వచ్చాడు. ఉతికిన కోటు, నెత్తిన టోపీ. బానెట్టు మీది మంచును తువ్వాలతో తుడిచి, దాని పక్కన నిటారుగా నిలబడ్డాడు. కెమెరాలో బ్యాటరీ గుర్తు ఎర్రగా మిణుకుతున్నది.

కొండ మీద ఎండ. బండి ఉన్న చోట ఇంకా నీడ. రెండూ ఒక్క ఫోటోలో సరిగా పడవు. కొండకు సరిచూస్తే మనిషీ బండీ నల్లబడతారు. మనిషికి సరిచూస్తే కొండ తెల్లబోతుంది. ఎండ దిగేవరకు ఆగుదామంటే బ్యాటరీ ఆగదు. ఒక్కసారి కొండవంక చూశాను. ఇన్నేళ్ళు ఎదురుచూసిన కొండ.

"ఆయన మొహం కనపడాలి," అన్నది మా ఆవిడ మెల్లగా.

దాజు మొహానికి సరిచూసి నొక్కాను. రెండోసారి నొక్కితే కెమెరా పలకలేదు.

ఇంటికి వచ్చాక పెద్ద ఫోటో వేయించి పంపాను. దాజు గుండీల వరకు స్పష్టంగా ఉన్నాడు, బండి మీది సొట్టలన్నీ ఉన్నవి. వెనక కాంచనజంగ ఉండవలసిన చోట ఉత్త తెలుపు. నెల తరువాత ఆయన ఫోను చేశాడు. బండి వెళ్ళిపోయిందట, ఫోటో పొయ్యి గదిలో గోడకు పెట్టారట.

"కొండ పడలేదు దాజూ, ఏమీ అనుకోకండి," అన్నాను.

"కొండ ఎక్కడికి పోతుంది సాబ్, రోజూ కిటికీలో కనపడుతూనే ఉంటుంది. బండి బాగా పడింది."