ఆమె నడిచిన దారి



ఈ సంగతి ఆ సహోదరి అనుమతి తీసుకునే రాస్తున్నాను. "రాయండి అయ్యగారూ, ఇంకొకరికి పనికొస్తుంది. నా పేరు మాత్రం వద్దండి" అంది. మా ఇంటావిడకు పదిహేనేళ్ల స్నేహితురాలు. మేము మారేడుమిల్లి వచ్చిన కొత్తలో మా ఇంట్లో మొదట పొయ్యి వెలిగించింది ఆమే.

పోయిన ఏడాది వానాకాలంలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆగి, తల దించుకుని, "ఛాతీలో చిన్న గడ్డలాగ తగులుతుందండి, నొప్పేం లేదు" అంది. నేను నూనె రాసి ప్రార్థన చేశాను. "నొప్పి లేదుగా, భయపడకమ్మా" అన్నాను. ప్రార్థన చేయడం తప్పు కాదు, యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఉన్నదే. కానీ ఆసుపత్రికి వెళ్లమని ఒక్క మాట అనలేదు. రొమ్ము కేన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదని డాక్టరు చెప్పాకే నాకు తెలిసింది. నా మాట నమ్మి ఆమె ఐదు నెలలు ఊరుకుంది. ఇది నేను మీ ముందు ఒప్పుకోవలసినదే.

ఇంకొకటి కూడా. ఆమె "ఛాతీ" అంది, నేనూ "ఛాతీ" అనే అన్నాను. యోహాను యేసు రొమ్మున ఆనుకున్నాడని, సుంకరి రొమ్ము కొట్టుకున్నాడని సంఘం ముందు తడబడకుండా చదివే నోరు ఇది. ఒక సహోదరి జబ్బు దగ్గరకొచ్చేసరికి ఆ మాట పెగల్లేదు.

రాజమండ్రిలో పరీక్షలు చేసి కేన్సరే అన్నారు. ఆపరేషన్ అయింది. తర్వాత మూడు వారాలకొకసారి కీమో. ఎన్టీఆర్ వైద్యసేవ కింద వైద్యం జరుగుతోంది, దేవునికి స్తోత్రం. తోడు వెళ్లేవారి ఖర్చు, పోయిన కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు. ఇక్కడి నుంచి రాజమండ్రి ఎనభై కిలోమీటర్ల పైమాటే. అసలు బస్సు ఎక్కాలంటే ముందు వాళ్ల గూడెం నుంచి రోడ్డుదాకా నాలుగు కిలోమీటర్లు కొండదారి నడవాలి. మొదటి రెండు కీమోలకూ పెద్ద కొడుకును వెంటబెట్టుకుని నడిచే వెళ్లింది, నడిచే ఇంటికి చేరింది. తిరుగు దారిలో వాంతులై రెండుచోట్ల కూలబడిపోయిందట. మాకెవరికీ చెప్పలేదు.

పక్షవాయువు గలవాణ్ణి మోసుకొచ్చిన నలుగురి మీద (మార్కు 2) నేను ఎన్నిసార్లు వాక్యం చెప్పానో లెక్కలేదు. డోలీలు మోసిన భుజాలు కాబట్టి మన వాళ్లకు ఆ భాగం విడమరచి చెప్పనక్కర్లేదు. మంచాన పడ్డవాణ్ణి మోస్తాం. నడవగలిగే రోగి ఎలా నడుస్తుందో ఎవరం చూడలేదు.

హైదరాబాదులో చదువుకుంటున్న మన సంఘపు అమ్మాయి ఒక ఫోటో పంపింది. అక్కడ కేబీఆర్ పార్కు దగ్గర పింక్ రిబ్బన్ నడక జరుగుతుంది. డాక్టర్ రఘురామ్ గారు తన తల్లి ఉషాలక్ష్మి గారికి ఈ జబ్బు వచ్చాక, ఆమె పేరుతో 2007లో ఫౌండేషన్ పెట్టి ఈ పని చేస్తున్నారు. ఆ ఫోటో స్త్రీల కూడికలో చూపిస్తే ఒక పెద్దమ్మ అడిగింది, "పార్కు దగ్గర ఎందుకు నడుస్తారండీ?" నలుగురికీ జబ్బు సంగతి తెలియాలని, డబ్బు పోగవ్వాలని చెప్పాను. "అలాగైతే మనం ఆ పిల్ల నడిచే దారే నడుద్దాం" అంది.

మూడో కీమో రోజు తెల్లవారుజామున ముప్పై ఒక్క మంది టార్చిలైట్లు పట్టుకుని గూడెం ఎక్కారు. ఆమెను మధ్యలో పెట్టుకుని దిగారు. పిడికెడు బియ్యం అమ్మిన డబ్బు, కొండచీపుర్లు, చింతపండు అమ్మిన డబ్బులో తీసినది కలిపితే 6,840 రూపాయలు వచ్చాయి. వాగు దగ్గర అందరూ కూర్చున్నారు. మా మగవాళ్లను ముందుకు పొమ్మన్నారు. మాతో వచ్చిన ఏఎన్‌ఎం అమ్మ గడ్డ ఎలా చూసుకోవాలో ఆడవాళ్లకు అక్కడే చూపించిందట. ఆ సంగతి మా ఇంటావిడ చెబితేనే తెలిసింది. జుట్టు ఊడిన దగ్గర నుంచి ఇంట్లో కూడా తలమీద కొంగు తీయని మనిషి ఆ రాళ్ల మీద కూర్చుని కొంగు తీసేసిందట. ఆ పెద్దమ్మ వాగు నీళ్లతో తన చెయ్యి తడుపుకుని ఆమె తల నిమిరిందట.

నేను మాత్రం రోడ్డు దగ్గర ఆమెకు క్షమాపణ చెప్పాను. "బస్సొస్తుందండి" అంది, అంతే. బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపింది.

ఆ వారంలోనే మన సంఘంలో ఇద్దరు ఆసుపత్రికి వెళ్లారు. ఒకరిది మామూలు గడ్డే అన్నారు. రెండోవారి రిపోర్టు ఇంకా రాలేదు, ప్రార్థనలో పెట్టండి.

నాలుగో కీమో వచ్చే మంగళవారం. నాలుగున్నరకల్లా మందిరం దగ్గర కలుద్దాం. ఈసారి మగవాళ్లు కూడా రండి. తిరిగి వచ్చేటప్పుడు కొండ ఎక్కాలి కాబట్టి డోలీ తెస్తున్నాం.