ఇహ్రామ్ ఏ పెట్టెలో ఉంది?

శంషాబాద్ విమానాశ్రయంలో మా మూడు పెట్టెలూ పట్టీ మీద కదులుతూ రబ్బరు తెరల వెనక్కి వెళ్ళిపోయాయి. చేతులు తేలికయ్యాయి. నా భార్య, అమ్మ, నేను ఉమ్రా కోసం నేరుగా జిద్దా వెళ్ళే విమానం ఎక్కబోతున్నాం. తనిఖీ ముగించుకుని, వుజూ చేసి, ఇహ్రామ్ ధరిద్దామని చేతి సంచి తెరిచాను. దుఆల పుస్తకం ఉంది, ఖర్జూరాలు ఉన్నాయి, కళ్ళద్దాలు ఉన్నాయి. ఇహ్రామ్ వస్త్రాలు లేవు. నలగకూడదని వాటిని పెద్ద పెట్టెలో అన్నింటికంటే పైన పరచింది నేనే!

మద్రసాలో ఇరవై ఏళ్ళకు పైగా మీఖాత్ అధ్యాయాన్ని బోధించినవాడిని. ఉమ్రా సంకల్పంతో వెళ్ళేవాడు ఇహ్రామ్ లేకుండా మీఖాత్ దాటరాదని, దాటి వెనక్కి మళ్ళకపోతే ‘దమ్’ అంటే ఒక జంతుబలి ఇవ్వవలసి వస్తుందని ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. జిద్దా మీఖాత్‌కు లోపల ఉంది. విమానం దిగకముందే, గాలిలోనే ఆ హద్దు దాటిపోతుంది. పెట్టె చేతికి వచ్చేసరికి సమయం మించిపోతుంది. స్త్రీలకు వారి మామూలు దుస్తులే ఇహ్రామ్ కనుక అమ్మకూ, నా భార్యకూ చిక్కు లేదు. చిక్కంతా పాఠం చెప్పిన నాకే! కుట్టిన బట్టలతోనే సంకల్పం చేసి తల్బియా పలకవచ్చు, ఇహ్రామ్ ఏర్పడుతుంది. కాని ఆ బట్టలకు పరిహారం చెల్లించాలి. తెలిసిన విషయమే ఆ క్షణంలో నన్ను ఎక్కువగా బాధించింది.

నా ముఖం చూసి అమ్మ సంగతి అడిగింది. చెప్పాను. ఆమె ఒక్క మాటైనా అనకుండా తన సంచిలో నుంచి రెండు తెల్లని నూలు దుప్పట్లు తీసి నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత అన్నది:

“నాయనా, మా నాయన బొంబాయిలో ఓడ ఎక్కేటప్పుడు ట్రంకుపెట్టెను సరుకుల గదికి పంపినాడంట. యలమ్‌లమ్ వచ్చేలోపల కట్టుకోవాల్సిన బట్టలు మాత్రం తలకింద పెట్టుకున్నాడంట. ఓడైనా విమానమైనా, అప్పజెప్పిన పెట్టె మన చేతిలో ఉండదు కదా!”

ఇహ్రామ్‌కు కావలసింది అంగడిలో కొన్న తువ్వాళ్ళ జత కాదు, శరీరాకృతికి కుట్టని రెండు వస్త్రాలు. ఒక దుప్పటి నడుముకు చుట్టుకున్నాను, మరొకటి భుజాలపై కప్పుకున్నాను. విమానంలో మీఖాత్ ప్రకటన వినబడగానే సంకల్పం చేసి తల్బియా పలికాను. అల్‌హమ్దులిల్లాహ్! భారతదేశం నుంచి హజ్ ఓడలు 1995లో ఆగిపోయాయి. కాని ఓడ ప్రయాణం నేర్పిన జాగ్రత్త మా అమ్మ సంచిలో మిగిలి ఉంది.

అప్పటి నుంచి పెట్టె సర్దేటప్పుడు ప్రతి వస్తువునూ ఒక ప్రశ్న అడుగుతున్నాను: ‘ఈ పెట్టె రెండు రోజులు ఆలస్యమైతే నా ఆరాధన గాని, ఆరోగ్యం గాని ఆగిపోతుందా?’ ఆగిపోతుందంటే దాని చోటు చేతి సంచి. ఇహ్రామ్, పాస్‌పోర్టు, డాక్టరు చీటీతో సహా మందులు, డబ్బు, ఒక జత బట్టలు అందులోనే ఉండాలి. ఇన్సులిన్ సామాను గదిలోని చలికి పాడు కావచ్చు, కనుక అదీ చేతిలోనే. పవర్ బ్యాంకులను నిప్పు ప్రమాదం వల్ల పెద్ద పెట్టెలో అనుమతించరు. ముందుగా మదీనా వెళ్ళేవారు మాత్రం ఇహ్రామ్‌ను పెద్ద పెట్టెలో పెట్టుకోవచ్చు, వారి మీఖాత్ ఆ తర్వాత జుల్‌హులైఫా దగ్గర వస్తుంది.

కత్తెర, చాకు, నూనె సీసా, ఆవకాయ డబ్బా పెద్ద పెట్టెలోకి వెళ్ళాలి. చేతి సంచిలో ద్రవపదార్థం ఏదైనా ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లకు మించరాదు. మన వంటింటి గసగసాలు మాత్రం ఏ పెట్టెలోనూ వద్దు. సౌదీలో అవి నిషిద్ధం. ఇంట్లో దంచిన మసాలాపొడిలో కలిశాయేమో గృహిణులు గుర్తుచేసుకోవాలి.

ఇక పొరుగువారి పొట్లాలు. “జిద్దాలో మా అబ్బాయికి ఇవ్వండి హజ్రత్” అని మూసిన డబ్బా తెచ్చినవారిని నొప్పించడం కష్టమే. అయినా వారి ఎదుటే విప్పి చూడాలి, కుదరకపోతే మర్యాదగా కాదనాలి. ‘ఈ పెట్టె మీరే సర్దారా?’ అని కౌంటరులో అడిగినప్పుడు ఉమ్రా యాత్రికుడు అబద్ధంతో ప్రయాణం మొదలుపెట్టరాదు. అమానతు మోయాలంటే ముందు అది ఏమిటో తెలియాలి.

తిరుగు ప్రయాణంలో జిద్దాలో మరో పరీక్ష ఎదురవుతుంది. తాళ్ళతో కట్టిన పెట్టెలను, గుండ్రని గుడ్డ మూటలను అక్కడ అంగీకరించరు. జమ్‌జమ్ నీటిని బట్టల మధ్య దాచకూడదు. సీలు వేసిన 5 లీటర్ల డబ్బాను విడిగా అప్పగించాలి. ఇంకా, బరువు మొత్తం అనుమతించినంతే ఉన్నా, ఒకే పెట్టె 32 కిలోలు దాటితే సాధారణంగా తీసుకోరు. దాన్ని ఎత్తేవాడిదీ మనలాంటి వెన్నే కదా!

హజ్‌కు సామగ్రి సమకూర్చుకోమని దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో ఆదేశించింది. తవక్కుల్ పేరిట ఏమీ లేకుండా బయలుదేరి, మక్కాలో ఇతరులను యాచించిన యమన్ వాసుల సందర్భంలో ఆ ఆయతు అవతరించిందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. తఖ్వాయే ఉత్తమ సామగ్రి అని అక్కడే ఉంది. మొదటి మాట వదిలి రెండో మాట ఒక్కటే వల్లించడం మనలో చాలామందికి అలవాటు.

ఇప్పుడు మీఖాత్ అధ్యాయం వచ్చినప్పుడల్లా పిల్లలకు నా పొరపాటునే ముందు చెబుతాను. వారు నవ్వుతారు, కాని మరచిపోరు. అమ్మ ఆ దుప్పట్లను ఉతికి మడతపెట్టి నాకే ఇచ్చింది. ఇన్షా అల్లాహ్, మళ్ళీ పిలుపు వస్తే చేతి సంచిలో మొదట పెట్టేవి అవే.