నిద్ర సుఖమెరుగదా?

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని సెలవిచ్చిన పెద్దమనిషి ఎవరోగాని, లారీలో మాత్రం పడుకుని ఉండడు. పందిరిమంచమూ, బూరుగుదూది పరుపూ ఉన్నవాళ్ళకే ఇలాంటి వేదాంతం తోస్తుంది.

లారీ డ్రైవరు ఎక్కడ పడుకుంటాడని మనలో ఎంతమందిమి ఆలోచించాం చెప్పండి? ఉల్లిపాయల ధర పెరిగితే లారీలు రాలేదంటాం. తెల్లవారుజామున ప్రమాదం జరిగిందని పేపర్లో చదివి, "డ్రైవరు నిద్రపోయాడట!" అని పెదవి విరుస్తాం. నిద్రపోవలసిన వేళ అతనికి చోటుందా అని మాత్రం అడగం.

2009లో మా మరిది లారీ కొన్నాడు. భీమవరం చేపల్ని ఐసులో పెట్టి హౌరా తోలే బేరం. వెయ్యి కిలోమీటర్లు దాటిన దూరం, ఐసు కరిగేలోగా చేరాలి. అప్పట్లో చాలా లారీలకు కంపెనీవాళ్ళు ఇచ్చేది ఇంజనూ, ఛాసీ మాత్రమే. కేబినూ, బాడీ మనమే కట్టించుకోవాలి. విజయవాడ ఆటోనగర్‌లో కట్టిస్తున్నాడంటే నేనూ చూద్దామని వెళ్ళాను.

కేబిన్ అంటే బొమ్మరిల్లే అనుకోండి. కుడివైపు డ్రైవరు సీటు, ఎడమవైపు క్లీనరుకు, మధ్యలో ఇంజను మూత. అద్దం పైన దేవుడి పటాలకు అర, రంగు బల్బులు, పాటల పెట్టెకు గూడు. అన్నిటికీ కొలతలున్నాయి. సీటు వెనక అడ్డంగా ఓ చెక్కబల్ల. దాని కింద జాకీ, స్పానర్లు, బట్టల సంచీ. అదే పడకగది!

"ఇంకో అడుగు వెడల్పు పెట్టించకూడదటయ్యా?" అన్నాను.

"ఇక్కడ అడుగు పెంచితే వెనకాల చేపల పెట్టెలకు అడుగు తగ్గుతుంది వదినా. అయినా నిద్ర సుఖమెరుగదన్నారు గదా!" అన్నాడు మా మరిది.

పక్కనే ఉన్న డ్రైవరు నవ్వాడు. "కాళ్ళు ముడుచుకుంటే నాకు సరిపోద్దమ్మా. ఇంజను వేడే, బండి ఆపినా ఓ పట్టాన చల్లారదు. క్లీనరు కుర్రాడు పైన టాపు మీద పడుకుంటాడు. ఎంత కునుకు పట్టినా చెవులు మేలుకునే ఉండాల. డీజిలు తీసేత్తారు."

"మరి వానొస్తే?"

"వానొస్తే ఇద్దరం కూచుంటాం."

నాకు మన వంటిళ్ళు గుర్తొచ్చాయి. గ్యాసుకు గట్టు, ఫ్రిజ్జుకు మూల, డబ్బాలకు అలమర. వండే మనిషి కాసేపు కూచునేందుకు జానెడు చోటుండదు. పనికి కొలతలు తీసేవాళ్ళు పనిచేసే మనిషికి తీయరు కాబోలు!

అప్పట్లో చట్టం లేకపోలేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలే పని అంది. ఒకనాటి పనికీ మర్నాటి పనికీ నడుమ ఏకబిగిన తొమ్మిది గంటల విశ్రాంతి అంది. రాత్రి మజిలీలో విశ్రాంతి గది ఉండాలని కూడా అంది. బాగానే ఉందిగాని, ఐదుగురూ అంతకు పైన పనివాళ్ళున్న సంస్థలకు రాసిన చట్టమది. మా మరిదికి ఉన్నది ఒక లారీ, ఒక డ్రైవరు, ఒక క్లీనరు!

ఇప్పుడు కంపెనీ కేబిన్లు ఎక్కువయ్యాయి. దూరాలు తిరిగే బళ్ళకు సీటు వెనక మెత్తని బెర్తు ఉంటోంది. కొత్తగా తయారయ్యే పెద్ద లారీలకు 2025లో ఏసీ కూడా తప్పనిసరి చేశారు. చాలా సంతోషం. కాకపోతే ఓ చిక్కుంది చూశారూ! ఇంజను తిరిగితేనే సాధారణంగా ఆ ఏసీ తిరుగుతుంది. బండి పక్కకు ఆపి పడుకున్నవాడి కోసం రాత్రంతా డీజిలు కాల్చమనే యజమాని ఎవరు? అంటే, చల్లగాలి తోలే డ్రైవరుకేగాని పడుకున్న డ్రైవరుకు కాదన్నమాట.

అందుకని లారీ కొనేవాళ్ళకు నాదొక చిన్న మనవి. ఎన్ని టన్నులు మోస్తుంది, లీటరుకు ఎంతిస్తుంది అని అడగడం అయ్యాక, ఆ బెర్తు మీద ఓ గంట మీరే పడుకుని చూడండి. వైశాఖ మాసంలో, మిట్టమధ్యాహ్నం, ఇంజను ఆపి!